తల్లి పేరు

ధ్యాన భాగములు: లేవీయకాండము 19:3, 1 రాజులు 14:21, మార్కు 7:9–13, యోహాను 19:25–27



మే నెల రెండవ ఆదివారమున మన చిలకలగూడ సంఘములో తల్లుల ఆరాధన జరుగునని మీరెరుగుదురు. సండేస్కూలు పిల్లలు పాట పాడుదురు, కంఠత వాక్యములు చెప్పుదురు, బ్రదికియున్న తల్లులకు ఒక్కొక్క పువ్వు నిత్తురు. అది మన వాడుక. ఈ సంవత్సరము సంఘ పెద్దలు ఒక క్రొత్త సంగతి తలపెట్టిరి. ప్రభువునందు నిద్రించిన తల్లుల పేర్లు కూడ ఆ దినమున బల్ల యొద్ద నిలిచి చదువవలెననియు, అందుకొరకు ఎవరి తల్లి పేరు వారు చీటిమీద వ్రాసి గుమ్మము దగ్గరనున్న పెట్టెలో వేయవలెననియు ప్రకటించితిమి. మూడు వారములలో పెట్టె నిండెను. దానిని విప్పి చీటీలు సవరించి జాబితా వ్రాయు పని మా పాలబడెను. ఒక సాయంకాలపు పని యనుకొంటిమి.

చీటీలలో సగమునకు పైగా చక్కగానే యున్నవి. మిగిలినవాటిని చూచి మేము చాలసేపు ఊరకుంటిమి. ఒక చీటిలో 'మా అమ్మ' అని మాత్రమే యుండెను. ఒకదానిలో తండ్రి పేరు పూర్తిగా వ్రాసి, దాని వెనుక 'గారి భార్య' అని యుండెను. ఒకదానిలో రెండు పేర్లు: ఒకటి ఊరిలో పిలిచినది, రెండవది బాప్తిస్మమప్పుడు దొరగారు పెట్టినది; ఈ రెండిటిలో ఏది చదువవలెనో మమ్మునే తేల్చుకొనుమని వ్రాసినవారు కోరిరి. మరియొక చీటి ఖాళీగా యుండెను. అది పొరపాటున పడినదనుకొంటిమి. అయితే ఆ ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత, లోకో షెడ్డులో పని చేసి పింఛను పుచ్చుకొనుచున్న ఒక పెద్దాయన మా దగ్గరకు వచ్చి మెల్లగా ఇట్లనెను: "అయ్యగారూ, ఆ ఉత్త చీటి నాదే. మా అమ్మ పేరు నాకు తెల్వదు. నాకు నాలుగేండ్లప్పుడు పోయింది. మా నాయన ఆమెను 'ఏమే' అనేటోడట. నేను ఎవల్నీ అడగలే. అడగాల్నని తోచలే."

ఆయనకు ఎనుబది రెండేండ్లు.

కడపటిది మరియొక చీటి కలదు. దానిలో తల్లి పేరు స్పష్టముగా యుండెను గాని వ్రాసినవారి పేరు లేదు. పేరు క్రింద ఒక ప్రశ్న యుండెను: మా అమ్మ బాప్తిస్మము పొందలేదు, ఆమె పేరు చదువవచ్చునా? దాని సంగతి ముందు చెప్పుదుము.

మన తల్లుల పేర్లు ఎక్కడ పోయెను? ఎవరును వాటిని దొంగిలించలేదు. మన మర్యాదలోనే అవి కరగిపోయినవి. భర్త భార్యను పేరు పెట్టి పిలువడు, భార్య భర్త పేరు నోట రానియ్యదు. అత్తవారింట అడుగు పెట్టిన పడుచును ఊరివారు ఆమె పుట్టిన ఊరి పేరుతో 'ఫలాని ఊరామె' అందురు. కొడుకు పుట్టగానే 'వాని అమ్మ' యగును. మనుమలు పుట్టగానే అందరికిని అవ్వ. ఆ పిలుపులలో ప్రేమ లేదని మేమనుట లేదు, ప్రేమ కలదు. అయినను ఆమె తన తండ్రి ఇంట పలకలమీద వ్రాసికొనిన పేరు, లేక వ్రాయుట నేర్వక వినుట మాత్రమే యెరిగిన పేరు, ఆమెతోకూడ మట్టిలో కలిసిపోవుచున్నది.

మర్యాద యొక్కటే కాదు, పుస్తకములు కూడ ఆ పనికి తోడుపడినవి. 1872వ సంవత్సరపు భారత క్రైస్తవ వివాహ చట్టము ప్రకారము మన దేవాలయములలో వివాహములు నమోదగుచున్నవి. ఆ చట్టము వెంట జతపరచబడిన రిజిస్టరు నమూనాను మీలో పెండ్లి సాక్షులుగా సంతకము చేసినవారు చూచియే యుందురు. వధూవరుల పేర్లు, వయస్సు, వృత్తి, నివాసము, ఆ తరువాత తండ్రి పేరుకు ఒక గడి. తల్లి పేరుకు గడి లేదు. ఈ నమూనా ఏ దేశపు వాడుకనుబట్టి వచ్చెనో ఆ ఇంగ్లండు దేశములోనే 2021 మే 4వ తేదీ వరకు పెండ్లి రిజిస్టరులో తల్లి పేరు లేకుండెను. ఆ దినము మొదలుకొని అక్కడ తల్లి పేరు కూడ వ్రాయుచున్నారు. కుమార్తెను తొమ్మిది నెలలు మోసి, ఇరువదేండ్లు పెంచి, పెండ్లినాడు తెల్లవారకమునుపే లేచి పొయ్యి ముట్టించిన తల్లి, ఆ పుస్తకము ప్రకారము, ఆ పెండ్లిలో లేనే లేదు.

మన చిలకలగూడ రైలు పట్టాల నీడన పెరిగిన పేట. 1874లో సికింద్రాబాదు స్టేషను వెలసిన తరువాత, నిజాము కాలపు రైల్వేలోను, 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన పిమ్మట దానిలోను, మన తండ్రులును తాతలును ఫైర్‌మన్లుగా, ఫిట్టర్లుగా, గ్యాంగుమన్లుగా, లాలాగూడ వర్క్‌షాపులో కూలీలుగా పని చేసిరి. వారి పేర్లు మస్టరులో కలవు, సర్వీసు పుస్తకములలో కలవు, పింఛను కాగితములలో కలవు. తెల్లవారుజామున మొదటి షిఫ్టు సైరను కూయకమునుపే లేచి, బొగ్గుల కుంపటి రాజవేసి, జొన్నరొట్టె చేసి డబ్బా కట్టిన స్త్రీ పేరు ఏ మస్టరులో నున్నది? ఆమెకు సెలవు చీటి లేదు. రిటైరుమెంటు దండ లేదు.

పరిశుద్ధ గ్రంథము వైపు చూడుడి. రాజుల గ్రంథములు చదువునప్పుడు మనము త్వరగా దాటిపోవు ఒక మాట కలదు. యూదా దేశమునకు క్రొత్త రాజు వచ్చినప్పుడెల్ల గ్రంథకర్త అతని వయస్సు, అతడేలిన కాలము వ్రాసి, వెంటనే అతని తల్లి పేరు వ్రాయును. యెహోషాపాతు తల్లి అజూబా. హిజ్కియా తల్లి అబీ. మనష్షే తల్లి హెఫ్సిబా. యోషీయా తల్లి యెదీదా. యెహోరాము, ఆహాజు అను ఇద్దరికి తప్ప దావీదు సింహాసనముమీద రెహబాము మొదలుకొని కూర్చుండిన రాజులందరికిని ఈ గడి నింపబడినది. ఉత్తర దేశపు రాజులకు ఈ వాడుక కానరాదు. యరొబాము తల్లి పేరు మాత్రము కలదు. యుద్ధములు, కప్పములు, దేవాలయపు బంగారము లెక్క వ్రాయుచు, ఆ మధ్యను ఒక స్త్రీ పేరు నిలుపుటకు ఆత్మదేవుడు చోటు చేసెను. మంచి రాజు తల్లికి మాత్రమే కాదు, మనష్షేవంటి దుష్టుని తల్లికిని.

మరియొక సంగతి గమనింపవలెను. రెహబాము తల్లి పేరు నయమా. ఆమె అమ్మోనీయురాలు, అనగా అన్యజనుల స్త్రీ. పదునాలుగవ అధ్యాయములో ఆమె పేరు ఒకసారి కాదు, రెండుసార్లు వ్రాయబడినది. ఆమె ఏ జనమునకు చెందినదో రెండుసార్లును చెప్పబడినది. దాచిపెట్టలేదు, కొట్టివేయలేదు. మత్తయి సువార్త మొదటి అధ్యాయములో కూడ మన ప్రభువు వంశావళి తండ్రుల పేర్లతో బారులు తీరి వచ్చుచుండగా తామారు, రాహాబు, రూతు నడుమ నిలిచియున్నారు; ఊరియా భార్య పేరు చెప్పబడకపోయినను ఆమె చోటు ఆమెకు కలదు. చిట్టచివరను మరియ. నజరేతువారు మన ప్రభువును తక్కువ చేయనెంచి మరియ కుమారుడని పిలిచిరి. వారు తక్కువతనమని యెంచినదానిని సంఘము ఇరువది శతాబ్దములుగా ఒప్పుకోలులో పలుకుచున్నది.

ఈ మే నెల ఆదివారము ఎట్లు వచ్చెనో కొంత చెప్పవలెను; ఎందుకనగా ఇది దుకాణములవారు కల్పించిన పండుగ యని కొందరనుచున్నారు. అమెరికాలో పశ్చిమ వర్జీనియా రాష్ట్రమున గ్రాఫ్టన్ అను చిన్న ఊరిలో ఆన్ రీవ్స్ జార్విస్ అను మెథడిస్టు స్త్రీ సండేస్కూలు చెప్పుచుండెను. ఆమె కన్న పిల్లలలో ఎక్కువమంది చిన్నతనముననే చనిపోయిరి. ఆ దుఃఖములో ఆమె ఊరి తల్లులను కూడగట్టి, శుభ్రతను గూర్చియు పాలు నీళ్లను గూర్చియు నేర్పుటకు సంఘములు స్థాపించెను. 1905 మే నెలలో ఆమె నిద్రించెను. మూడేండ్ల తరువాత, 1908 మే 10న, ఆమె కుమార్తె ఆన్నా జార్విస్ ప్రయత్నమున ఆ దేవాలయములోనే మొదటి తల్లి దినపు ఆరాధన జరిగెను. తన తల్లికి ప్రియమైన తెల్లని కార్నేషను పూలు 500 ఆన్నా పంపెను. 1914లో అమెరికా ప్రభుత్వము ఆ దినమును అంగీకరించెను. అది 'తల్లుల' దినము కాదనియు, 'తల్లి' దినమనియు, ఏకవచనములోనే వ్రాయవలెననియు ఆన్నా పట్టుబట్టెను. ప్రతివాడును తన తల్లిని తలంచుకొనవలెనని ఆమె ఉద్దేశము. పిమ్మట పూల వర్తకులును, అచ్చు కార్డులవారును ఆ దినమును బేరమునకు పెట్టగా ఆమె తన శేషజీవితమంతయు వారితో పోరాడి 1948లో మరణించెను. అచ్చు వేసిన కార్డు కొనువాడు తన తల్లికి ఒక ఉత్తరము వ్రాయ తీరికలేని సోమరి యని ఆమె భావము. మాటకు బదులు ఫోనులో బొమ్మ పంపి ఊరకుండు మన పిల్లలను చూచిన ఆమె ఏమనియుండెడిదో!

దూరదేశపు మాట యెందుకు? మన నగరములోనే ఒక నిదర్శనము కలదు. రెడ్‌హిల్స్‌లోని నీలోఫరు ఆసుపత్రికి పిల్లలను ఎత్తుకొని పోనివారు మన పేటలో అరుదు. ఏడవ నిజాము రెండవ కుమారుడైన మోజంజాహి 1931లో తుర్కీ సుల్తానుల వంశపు రాకుమారి నీలోఫరును వివాహమాడెను. ఆమెకు సంతానము కలుగలేదు. ఆమె సేవలోనున్న రఫత్ అను పరిచారిక ప్రసవవేదనలో మరణించెను. ఆ వార్త విని రాకుమారి మిక్కిలి కలతపడి, ఇక ఏ రఫత్ ఇట్లు చావగూడదని తలంచి, తల్లులకును బిడ్డలకును ఆసుపత్రి కావలెనని పట్టుబట్టినట్లు చెప్పుదురు. 1953లో ఆ ఆసుపత్రి తెరువబడెను. అక్కడి గుమ్మమున రాకుమారి పేరు కలదు. అయితే ఆ కట్టడమునకు పునాది రాయి నిజముగా ఆ పనిమనిషి. బిడ్డలు లేని స్త్రీ, చనిపోయిన ఒక తల్లిని జ్ఞాపకముంచుకొనుటవలన, ఎన్ని వేలమంది తల్లుల ఒడి నింపెనో దేవునికే తెలియును. ఆన్నా జార్విసుకును బిడ్డలు లేరు. తల్లుల ఆదివారము వచ్చినప్పుడెల్ల తమకు పువ్వు అందదని వెనుక బల్లమీద తలవంచుకొని కూర్చుండు మన సహోదరీలు ఈ మాట వినవలెనని మా కోరిక. ఈసారి పువ్వులు పంచు పిల్లలకు ఏ స్త్రీని దాటిపోవలదని చెప్పియున్నాము. రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయములో పౌలు రూఫు తల్లిని తలంచి, ఆమె తనకును తల్లియే యని చెప్పుట చదువుడి. ఆమె పౌలును కనలేదు గదా.

ఇక చనిపోయినవారిని జ్ఞాపకము చేసికొనుటను గూర్చి మనలో కొందరికి ఒక జంకు కలదు. ఇరుగుపొరుగువారు తద్దినములు పెట్టుదురు, పిండములు వేయుదురు; మన పూర్వులు అవి విడిచి వచ్చిరి. కావున సమాధియొద్ద పువ్వులుంచినను, పేరు చదివినను మరల పాత త్రోవకు పోవుచున్నామేమో యని భయపడువారున్నారు. ఆ భయము నిర్హేతుకమైనది కాదు. మృతులు మన వలన ఏమియు పొందరని, వారి గతి వారి ప్రభువు చేతిలో నున్నదని మనము నమ్ముచున్నాము. అయితే దేవునికి కృతజ్ఞత చెప్పుట వేరు, మృతులకు నైవేద్యము పెట్టుట వేరు. యాకోబు ఎఫ్రాతా మార్గమున రాహేలును పోగొట్టుకొని ఆమె సమాధిమీద ఒక స్తంభము నిలిపెను. ప్రయాణమధ్యమున, వెంట మందలు, పిల్లలు, పసికందు. అయినను నిలిచెను. ఆ అధ్యాయములోనే రిబ్కా దాదియైన దెబోరా చనిపోగా బేతేలు దిగువ సింధూరవృక్షము క్రింద పాతిపెట్టి, ఆ చెట్టుకే ఏడ్పు అను అర్థముగల పేరు పెట్టిరి. రిబ్కా ఎప్పుడు చనిపోయెనో గ్రంథములో లేదు; పాలిచ్చి పెంచిన దాది చనిపోయిన సంగతి కలదు. అబ్రాహాము శారా కొరకు ఏడ్చి, హేతు కుమారులయెదుట సాగిలపడి, నాలుగువందల తులముల వెండి తూచియిచ్చి మక్పేలా గుహను కొనెను. వాగ్దానదేశములో అతడు కొన్న మొదటి నేల భార్యకు సమాధి. ఇస్సాకు నలువది యేండ్లవాడయ్యును తల్లి గుడారములోనికి రిబ్కాను తోడుకొని వచ్చువరకు దుఃఖనివారణ పొందలేదు. పెద్దవారు ఏడ్వరాదని ఎవరు చెప్పిరి?

రాహేలు సంగతి మరల తలంచుచున్నాము. ఆమె ప్రాణము పోవుచుండగా బిడ్డకు బెనోని యని పేరు పెట్టెను; తండ్రి దానిని మార్చి బెన్యామీను అనెను. దుఃఖపు పేరుతో బిడ్డ పెరుగకూడదని ఆ తండ్రి తలంచియుండును, అందులో తప్పు లేదు. అయితే ఆమె పెట్టిన పేరు కూడ గ్రంథములో నిలిచియున్నది. తల్లి ముఖమెరుగని బిడ్డకు ఆమె చివరి మాట దొరకవలెనని గాబోలు. పాత సమాధుల తోటలలో నడచునప్పుడు ఇరువదేండ్ల స్త్రీ సమాధి ప్రక్కన మూరెడు పొడవు చిన్న సమాధి కనబడును. మన ఇండ్లలో 'సవతి తల్లి' అను మాట తేలికగా అనుచుందుము. ఆ మాట వెనుక ఒక బల్ల చెక్కమీద ప్రాణము విడిచిన మొదటి తల్లి యున్నదని మరచిపోవుదుము. ఆ పిల్లలను పెంచిన రెండవ తల్లి పేరును కూడ చీటిలో వ్రాయవచ్చునా యని ఒకరు అడిగిరి. తప్పక వ్రాయుడి.

ఇప్పుడు ఆ ప్రశ్న. బాప్తిస్మము పొందని తల్లి పేరు చదువవచ్చునా? దీనిమీద పెద్దలలో రెండు తలంపులు కలిగెను. దాచవలసిన పని లేదు. మనము ప్రకటించినది ప్రభువునందు నిద్రించిన తల్లులను గూర్చి గదా, ఈ పేరు చదివిన ఆ మాటకు అర్థమేమి యుండునని ఒకరు అడిగిరి. అడిగినవారు కఠినులు కారు. తమ తల్లి కూడ బాప్తిస్మము లేకయే పోయెనని, ఆమె పేరు తాము పెట్టెలో వేయలేదని చెప్పునప్పుడు వారి కంఠము వణకెను. గది నిశ్శబ్దమాయెను.

మాకు తెలిసినది ఇంతే. అయిదవ ఆజ్ఞలో, విశ్వాసులైన తల్లిదండ్రులను మాత్రమే సన్మానింపవలెనని లేదు. యెహోషువ 24వ అధ్యాయము ప్రకారము అబ్రాహాము తండ్రియైన తెరహు నది అవతల ఇతర దేవతలను పూజించినవాడు. అయినను గ్రంథము అతని పేరును అబ్రాహాము పేరు ప్రక్కనుండి తీసివేయలేదు. నయమా సంగతి పైన చెప్పితిమి. ఆ తల్లులు ఇప్పుడు ఎక్కడ నున్నారు అను ప్రశ్నకు జవాబు చెప్పు అధికారము మాకును లేదు, ఏ సంఘ పెద్దకును లేదు. సర్వలోకమునకు న్యాయాధిపతి న్యాయము తప్పడని అబ్రాహాము సొదొమ విషయమై ప్రభువు ముఖముననే పలికెను. అక్కడ నిలిచియుండుటయే మాకు చాలును. మాకు తెలిసిన ఒక సహోదరుడు పడుచుదనమున బాప్తిస్మము పొందినప్పుడు అతని తల్లి వీధి తలుపు మూసి, నాకు కొడుకు లేడని ఊరు వినునట్లు కేక వేసెను. ఆ రాత్రి దొడ్డి గుమ్మము తెరచి అన్నము పెట్టెను. ఆమె బ్రదికిన పదునొకండు సంవత్సరములు వీధి తలుపు తెరువలేదు, దొడ్డి గుమ్మము మూయలేదు. ఆ స్త్రీ పేరు మన దేవాలయములో పలుకుటకు సిగ్గుపడుదుమా? ప్రకటనలోని మాటయే తప్పు, మార్చుకొనవలెనని చివరకు అందరును ఒప్పుకొనిరి. పేర్లన్నియు అక్షరక్రమమున, ఏ గుర్తును భేదమును లేకుండ చదువుదుము. వారికొరకు ఏమియు అడుగము. వారినిబట్టి దేవునికి స్తోత్రము చెప్పుదుము. మొదట అడ్డు చెప్పిన పెద్ద ఇంటికి పోవుచు పెట్టెలో ఒక చీటి వేసెను.

ఇంతవరకు చనిపోయినవారి మాట. బ్రదికియున్నవారి మాట కష్టము. ఇక్కడ మేము ఇతరులను గద్దించుటకంటె మా తప్పు ఒప్పుకొనుట మేలు.

మా తల్లి చివరి రెండు వేసవులు ఊరిలో మా అన్న ఇంట వెనుక గదిలో మంచము పట్టియుండెను. మేము ఇక్కడ ఉద్యోగములో, సంఘపు పనిలో నుంటిమి. నెలనెల డబ్బు తప్పలేదు. క్రిస్మసుకు పోయి రెండు దినములుండి వచ్చువారము. ఒకసారి మా వదిన ఫోను చేసి, అత్తమ్మ నిన్ను కలవరించుచున్నది, ఒకమారు రమ్మనెను. ఉజ్జీవ కూటములు దగ్గరపడినవి, అవి కాగానే వత్తుమంటిమి. కూటములు బాగుగా జరిగెను. నాల్గవ దినమున వార్త వచ్చెను. మే నెల ఎండకు దేహమును ఉంచలేక మేము చేరకమునుపే పాతిపెట్టిరి. సంవత్సరము తిరుగగా ఘనముగా జ్ఞాపకార్థ కూడిక పెట్టి రెండువందలమందికి భోజనము పెట్టితిమి. ఆమె పేరు రంగుతో వ్రాయించి దేవాలయమునకు ఒక ఫ్యాను ఇచ్చితిమి. అందరును మెచ్చుకొనిరి. దేవాలయము ఊడ్చు ముసలమ్మ ఒకతె, ఇప్పుడు ఆమెయు ప్రభువు సన్నిధికి పోయినది, ఆ ఫ్యాను క్రింద నిలిచి పైకి చూచి మమ్మునడిగెను: "అయ్యా, అమ్మ మంచంల ఉన్నప్పుడు ఉక్కపోస్తే ఎవరు ఇసిరిండ్రు?"

ఆమె ఎత్తిపొడుపుగా అనలేదు. తెలిసికొనగోరి అడిగెను. మేము జవాబు చెప్పలేదు.

మార్కు సువార్త ఏడవ అధ్యాయములో మన ప్రభువు పరిసయ్యులను గద్దించినది ఈ విషయముననే. తల్లిదండ్రులకు చెందవలసినదానిని ఒకడు కొర్బాను, అనగా దేవార్పితము, అని పలికినయెడల ఆ సొమ్ము ఇక వారికి ఖర్చు పెట్టనక్కరలేదని వారు బోధించిరి. దేవుని పేరే అడ్డము పెట్టుకొని దేవుని ఆజ్ఞను కొట్టివేసిరి. పరిసయ్యులు దుర్మార్గులు గనుక అట్లు చేసిరని సండేస్కూలులో చెప్పుచుంటిమి. మా ఉజ్జీవ కూటములు మాకు కొర్బాను. మీ కొర్బాను ఏదో మీకు తెలిసియుండును. 2007లో మన దేశమున తల్లిదండ్రుల పోషణకై ఒక చట్టము వచ్చెను. విడువబడిన తల్లి ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనినయెడల నెలకు 10,000 రూపాయల వరకు ఇమ్మని పిల్లలకు ఆజ్ఞ ఇయ్యవచ్చును. మంచి చట్టమే. అయినను మోషే ధర్మశాస్త్రము వినినవారి పిల్లలకు అర్జీ యెందుకు కావలసివచ్చెను? లేవీయకాండములో తల్లిదండ్రులకు భయపడవలెనని చెప్పినచోట దేవుడు తల్లిని ముందు చెప్పి తండ్రిని తరువాత చెప్పెను. నిర్గమకాండములో తండ్రి ముందు. అట్లు త్రాసు సరిచేసెనని పూర్వపు బోధకులు చెప్పుదురు.

సిలువమీద మన ప్రభువు చేసిన పని యోహాను వ్రాసెను. లోకపాపభారము మోయుచు, ఊపిరి పీల్చుట కష్టమైన ఆ గడియలో తల్లిని చూచి, ఆమె ఎవరి ఇంట నుండవలెనో ఏర్పాటు చేసెను. ఆ గడియనుండి శిష్యుడు ఆమెను తన ఇంట చేర్చుకొనెను. లోకరక్షణకంటె పెద్ద కూటము మాకేమి యుండెను?

తల్లివలన గాయపడినవారును మనలో కలరు. విడిచిపోయిన తల్లి, కొట్టిన తల్లి, కుమార్తెను కుమారునికంటె తక్కువగా చూచిన తల్లి. అట్టివారిని ఆ దినమున పాట పాడుమని బలవంతపెట్టము. వచ్చి కూర్చుండిన చాలును.

జాబితా ఇంకను ముగియలేదు. ఖాళీ చీటి వేసిన పెద్దాయన గడచిన వారము కనబడలేదు. ఒంట్లో బాగుగా లేదేమో యనుకొంటిమి. ఆయన బస్సెక్కి తల్లి పుట్టిన ఊరికి పోయెనట. అక్కడ తల్లికి చెల్లెలు, తొంబది దాటిన ఆమె, చూపు మందగించి అరుగుమీద కూర్చుండియున్నది. ఇన్నేండ్లకు ఇది అడుగ వచ్చితివా యని ఆమె మొదట నవ్వెను, పిమ్మట ఏడ్చెను, పిమ్మట చెప్పెను. గురువారము సాయంకాలము ఆయన మా ఇంటికి వచ్చి, చొక్కా జేబులోనుండి చీటి తీసెను. పెన్సిలుతో పెద్ద పెద్ద అక్షరములు. మాకు చదువరాదని భయపడినట్లు తానే పైకి చదివెను. మరల ఒకసారి చదివెను. అక్షరక్రమమున ఆ పేరు జాబితాలో పదునేడవదిగా వచ్చుచున్నది.

చీటీలు మే మొదటి ఆదివారము వరకు తీసికొందుము. పేరు తెలియనివారు ఊరిలో ఎవరినైన అడుగుటకు ఇంకను దినములు కలవు. పెన్సిలు పెట్టె ప్రక్కనే దారముతో కట్టియున్నది.